తిరిగి వెళ్ళిపోయిన తాంబూలం

మీ వీధి సంబరానికో, మీ ఇంట్లో శుభకార్యానికో పాడతామంటూ గుమ్మం ముందు నిలబడ్డ మనిషిని మీరు మొదట ఏమడిగారు? ఏం పాడతారని అడిగారా, ఎవరి తాలూకా అని అడిగారా? తొందరపడి జవాబు చెప్పకండి. నేనూ ఈ గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినదాన్నే. ఆ రెండో ప్రశ్న మన నోటి నుంచి ఎంత మెత్తగా, ఎన్ని అండీలతో, కాఫీ గ్లాసు అందిస్తూ ఎలా వస్తుందో నాకు తెలుసు. అడిగినట్టే ఉండదు. క్షేమసమాచారం కనుక్కున్నట్టు ఉంటుంది. ఆ దెబ్బ తిన్నవాళ్ళకు, ఇదిగో ఇక్కడ తగిలింది అని చూపించడానికి గాయం కూడా కనపడదు.

ఈ మాట ఇప్పుడు ఎత్తడానికి కారణం మా చెల్లెలి మనవరాలు హర్షిత. భీమవరంలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతోంది. మొన్న వానలు మొదలయ్యాక ఒక ఆదివారం రాజమండ్రిలో మా ఇంటికి వచ్చి, తడిసిన గొడుగు వరండాలో ఆరబెట్టి, నా మంచం మీద మఠం వేసుకు కూర్చుంది. తనూ, ముగ్గురు స్నేహితులూ కలిసి ఒక బ్యాండు పెట్టారట. తను పాడుతుంది. ఒకమ్మాయి కీబోర్డు, ఒకబ్బాయి గిటారు, ప్రశాంత్ అనే ఇంకో అబ్బాయి డ్రమ్ములు వాయిస్తారు. ఫోనులో వీడియో చూపించింది. నాకు ఆ రకం సంగీతం అంతగా తెలియదు గాని, పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించడం బాగుంది. "అమ్మమ్మా, నీకు ఇంతమంది తెలుసు కదా, మాకు ఒక్క ప్రోగ్రాం ఇప్పించవూ?" అంది.

"ఏం, మీరడిగితే ఇవ్వనంటున్నారా?"

"అననే అనట్లేదు, అదే ప్రాబ్లం! వీడియో పంపితే సూపరండీ అంటారు. డేట్ ఎప్పుడండీ అంటే చెప్తామండీ అంటారు. తర్వాత మెసేజ్ పెడితే రెండు నీలం టిక్కులు. ఒకాయన, ఇంతకుముందు ఎక్కడ వాయించారండీ అన్నాడు. ఎవరో ఒకరు వాయించనిస్తేనే కదమ్మమ్మా, ఇంతకుముందు అనేది ఉండేది! ఒక ఫంక్షన్ హాలాయన మాత్రం చాలా బాగా మాట్లాడాడు. మా నలుగురి ఫుల్ నేమ్సూ పంపమన్నాడు. పంపాం. ఇంక ఫోనే ఎత్తట్లేదు."

పేర్లు పంపడానికీ, ఫోను ఎత్తకపోవడానికీ సంబంధం ఉందని ఆ పిల్లకు తట్టలేదు. నాకు తట్టింది. దానికి పెసరట్టు వేసిపెట్టి, బస్సెక్కించి వచ్చి, వరండాలో కూర్చున్నాను. చాలా ఏళ్ళుగా ఎవరికీ చెప్పని ఒక ఆషాఢం ఆ సాయంత్రమంతా నన్ను వదల్లేదు.

మాది పెద్దాపురం. నేను పెరిగిన పెంకుటింట్లో రోజు మా నాయనమ్మ దగ్గుతో మొదలయ్యేది. తడిబట్టతో పెరట్లోంచి వస్తూ, ఎవరూ తగలకుండా దారి కోసం దగ్గేది. ఆ దగ్గు వినగానే మేమంతా గోడలకు అతుక్కుపోయేవాళ్ళం. ఆవిడ వంటింటికి చేరాక కుంపటి పొగ, దాని వెనక కాఫీ డికాక్షను వాసన, ఆ వెనక మా నాన్న గొంతు. నాన్న మునిసిపల్ బడిలో తెలుగు మేష్టారు. సంస్కరణ సభల్లో ఆరితేరిన మనిషి. పొద్దున్నే పేపరు చదువుతూ, అందులో రాసినవాళ్ళతో ఒక్కరూ విడవకుండా పైకే వాదించేవాడు. సాయంత్రం అయిందంటే మా వీధరుగు మీద సభ. దేవుడున్నాడా, కర్మ ఉందా, ముహూర్తాలు ఎందుకు, విధవల తలలు ఎందుకు గొరిగించారు అని ఒకటే రభస. వచ్చినవాళ్ళలో చాలామంది మా అమ్మ చేసే పకోడీల కోసం వచ్చేవాళ్ళని అమ్మకు అనుమానం. వాదన కోసమే వచ్చే మనిషి మాత్రం ఒక్కరే, లూథరన్ బడిలో పనిచేసే దావీదు మేష్టారు. దేవుణ్ణి నమ్మిన మనిషి. నమ్మని మా నాన్నకు ఆయనంటే ప్రాణం. "దావీదు మేష్టారు నన్ను ఓడించడానికి వస్తాడు, మిగతావాళ్ళు తల ఊపడానికి వస్తారు" అనేవాడు.

ఆయన కూతురు కరుణ నా ఈడుది. చర్చిలో పాడేది. ఆ గొంతు ఎలాంటిదో చెప్పడానికి నాకు మాటలు చాలవు, అందుకని ఒక సంగతి చెబుతాను. కరుణ మా అరుగు మీద కూర్చుని పాడుతుంటే మా నాయనమ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చి, తలుపు చాటున నిలబడి, చెంగుతో కళ్ళొత్తుకునేది. కరుణ వెళ్ళాక అదే నాయనమ్మ పనిమనిషిని కేకేసి అరుగు కడిగించేది. పాట విన్న కళ్ళు ఇంకా తడిగానే ఉండేవి. ఈ రెండు పనులకీ మధ్య ఆవిడకు ఎక్కడా అడ్డు తగిలేది కాదు. ఊరందరి మూఢత్వాన్నీ ఉతికి ఆరేసే మా నాన్న, బిందెతో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినపడ్డప్పుడల్లా పేపరు ఇంకాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

ఆ ఆషాఢం వచ్చిన ఏడు మేం నలుగురం కలిసి పాటల బృందం పెట్టాం. కరుణ గాత్రం. నాది మా తాతగారి నాటకాల కాలపు హార్మోనియం. మా అన్నయ్య సత్యం బుల్‌బుల్ వాద్యం, వాడి స్నేహితుడు, పట్టు నేసేవాళ్ళ కుర్రాడు సూరిబాబు డోలకు. సాధన మా పెరట్లో చింతపండు నిలవ చేసే పాకలో. ఇప్పటికీ చింతపండు పులుపు ముక్కుకు తగిలితే నాకు హార్మోనియం తిత్తుల పాత తోలు వాసన కూడా వస్తుంది. పేరు మాత్రం నాన్న పెట్టాడు, 'వివేక గానసభ' అని. వద్దు మొర్రో అన్నాం. వినలేదు. ఆ పేరు చెప్పి ఎవరి గుమ్మం ఎక్కినా మొదటి ప్రశ్న "పాటలాండి, ఉపన్యాసాలాండి?" అనే. సూరిబాబు విసుగెత్తి, "మేష్టారూ, పేరు మార్చండి. వినేవాళ్ళు డబ్బులిచ్చి మరీ తిట్టించుకుంటామా అనుకుంటున్నారు" అన్నాడు. నాన్న నవ్వాడు గాని పేరు మార్చలేదు.

మాకు సరదా. కరుణకు సరదా కాదు. దావీదు మేష్టారు కూతుర్ని నర్సు ట్రైనింగుకి పంపడానికి మాట్లాడేసుకున్నారు. కరుణకు సంగీత కళాశాలలో చేరాలని. ఒకరోజు మా అరుగు మీదే తండ్రీ కూతుళ్ళకు వాదన జరిగింది. "మన పిల్లల పాట ఎవరు వింటారమ్మా? మందు మాత్రం ఎవరు పోసినా మింగుతారు" అన్నారాయన. కరుణ ఊరుకోలేదు. "ఆషాఢం వెళ్ళేలోగా నన్ను ఒక్కసారి స్టేజీ మీద చూడు నాన్నా. జనం వింటారో లేచిపోతారో నువ్వే చూడు. విన్నారంటే పాటకు పంపు. లేచిపోయారంటే నోరెత్తకుండా ట్రైనింగుకి పోతాను" అంది. ఆయన అరుగు అంచు గోటితో గీరి, సరే అన్నారు. అలా మా సరదా కాస్తా కరుణ బతుకయింది.

ఆషాఢమే ఎందుకంటే, ఆ నెలలో పెళ్ళిళ్ళుండవు. సన్నాయివాళ్ళ దగ్గర్నుంచి నాటకాలవాళ్ళ దాకా అందరూ ఖాళీ. మా ఊళ్ళో మాత్రం మరిడమ్మ జాతర. నెల పొడుగునా ఒక్కో వీధి ఒక్కో రోజు తన సంబరం చేసుకుంటుంది. ప్రతి వీధికీ ఒక కమిటీ, ప్రతి కమిటీకీ పక్క వీధిని మించిపోవాలనే పంతం. తల మీద ఘటాలతో ఆడే గరగలు, కోయ డాన్సులు, బుర్రకథలు, కాకినాడ నుంచి పాటల పార్టీలు. చుట్టుపక్కల ఊళ్ళ కళాకారులంతా అప్పుడు మా ఊరి మీదే పడేవారు. వాళ్ళ మధ్య మేం, నలుగురం కొత్తవాళ్ళం. అన్నయ్యా నేనూ సైకిలు మీద వీధి వీధికీ తిరిగాం. ఎక్కడా లేదన్నవాళ్ళు లేరు. కూర్చోబెట్టారు. మజ్జిగ ఇచ్చారు. "మేష్టారి పిల్లలా! అంతకంటేనా!" అన్నారు. "కమిటీలో అనుకుని కబురంపుతాం" అన్నారు. చర్చిలో కూడా అడిగాం. పాస్టరుగారు పాపం మంచివారు. "కరుణ మన పిల్లే. కాని తక్కిన ముగ్గురూ..." అని ఆగి, కబురు చేస్తానన్నారు. కాళ్ళు అరిగేలా తిరగడమంటే ఏమిటో తెలిసింది. గోడను గుద్దితే చెయ్యి నొప్పి పుడుతుంది, గోడ ఉందని తెలుస్తుంది. దూదిలో గుద్దితే ఏముంటుంది?

అలాంటి రోజుల్లో, మేం అడక్కుండానే ఒకాయన మా ఇంటికి వచ్చాడు. బెల్లం కొట్టు వీర్రాజుగారు, ఒక పెద్ద వీధి సంబరానికి కమిటీ పెద్ద. ఆ వీధి పేరు రాయను. ఆయన అటుగా పోతూ, పాకలోంచి గోడ దాటి వస్తున్న కరుణ పాట విని, రోడ్డు మీదే సైకిలు ఆపి పాట పూర్తయ్యేదాకా నిలబడ్డాడట. మర్నాడు తెల్లటి పంచె కట్టుకుని, పళ్ళెంలో ఆకులూ వక్కలూ అరటిపళ్ళూ, వాటి మధ్య అడ్వాన్సూ పెట్టుకుని వచ్చి, కండువాతో అరుగు దులుపుకుని కూర్చున్నాడు. "మేష్టారూ, ఆ గొంతు మా సంబరానికి కావాలండి. ఇంక మాటల్లేవు. తాంబూలం అందుకోండి" అన్నాడు.

మా వైపు ఈ తాంబూలం సంగతి చెప్పాలి. పాటగాడు తాంబూలం పుచ్చుకున్నాడంటే ఇంట్లో శవం లేచినా వచ్చి పాడి తీరాలి. ఇచ్చినవాడు ఇచ్చాడంటే వాన వచ్చినా వరద వచ్చినా స్టేజీ కట్టి తీరాలి. వెనక్కి తీసుకోవడం అనేది లేదు. అలా వెనక్కి తీసుకున్నవాడికి ఊళ్ళో మొహం చెల్లదు. అన్నయ్య రెండు చేతులూ చాపాడు. నేను తలుపు వెనక నుంచి చూస్తున్నాను.

నాన్న అన్నయ్య చేతుల్ని కిందికి దించేశాడు. "వీర్రాజుగారూ, ఈ ఆకుల మీదా వక్కల మీదా నాకు నమ్మకం లేదండి. మనుషులం మనం. మాట కాగితం మీద ఉండాలి. షరతులు రాసుకుందాం, ఇద్దరం సంతకాలు చేద్దాం" అన్నాడు.

వీర్రాజుగారి మొహం చిన్నబోయింది. "ఆకుల మీద లేకపోతే పోనీండి మేష్టారూ, నామీద కూడా లేదాండి?"

"మీరని కాదండి. పద్ధతి."

"ఆయ్, అలాగేనండి. కాగితమే తెస్తాను" అని పళ్ళెం పట్టుకుని లేచాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మ నాన్నకు మునగాకు పప్పు వడ్డిస్తూ ఒక్క మాటే అంది. "మీ వాదనకి ఎవరూ దొరక్కపోతే వక్కలతో కూడా వాదిస్తారా?"

వారం గడిచినా వీర్రాజుగారు రాలేదు. చివరికి అమ్మే, ఆషాఢం కదా అని రోట్లో గోరింటాకు రుబ్బి, అరిటాకులో ముద్ద చుట్టుకుని, వాళ్ళింటి ఆడవాళ్ళకు ఇచ్చే వంకతో వెళ్ళి, నాలుగు మంచిమాటలు చెప్పి వచ్చింది. మా ఊళ్ళో తెగిన సంబంధాలు ఆడవాళ్ళ అరచేతుల్లో అతికేవి. రెండో రోజున వీర్రాజుగారు మళ్ళీ వచ్చాడు. ఒక చేతిలో తాంబూలం పళ్ళెం, ఇంకో చేతిలో తెల్ల కాగితం. "మీ పద్ధతీ, మా పద్ధతీ రెండూ తెచ్చేశానండి మేష్టారూ" అని నవ్వాడు. ఎంత మంచి మనిషి! ఈ మాట ఎగతాళికి అనడం లేదు. నిజంగా మంచి మనిషి. నా ఏడుపంతా అదే.

జేబులోంచి కలం తీసి మూత విప్పాడు. "కాగితమన్నాక పేర్లుండాలి కదండి. ఒక్కొక్కరివీ ఇంటిపేరుతో చెప్పండి." నాదీ అన్నయ్యదీ ఆయనకు తెలిసిందే, అడక్కుండానే రాసుకున్నాడు. సూరిబాబుది చెప్పాడు, రాసుకున్నాడు. ఆ తర్వాత పాకలోంచి వచ్చి అరుగు కింద నిలబడ్డ కరుణ వైపు తిరిగి, "ఆ గొంతు నీదేనామ్మా? ఎవరి తాలూకా?" అన్నాడు. ఎంత ఆప్యాయంగా అన్నాడో!

"దావీదు మేష్టారి అమ్మాయినండి. మాది చర్చి పేటండి" అంది కరుణ.

కలం కదల్లేదు. కోపం రాలేదు, చీదరింపు లేదు, ఏదీ లేదు. ఆయన కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "చాలా బాగా పాడతావమ్మా. దేవుడిచ్చిన గొంతు" అన్నాడు. అమ్మ ఇచ్చిన కాఫీ ఆఖరు చుక్క దాకా తాగాడు. వానల గురించీ, చెరుకు గురించీ మాట్లాడాడు. లేచేటప్పుడు, "కమిటీలో ఒక్క మాట అనుకుని కబురంపుతానండి" అంటూ పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు.

"పళ్ళెం ఉంచండి అన్నయ్యగారూ, మళ్ళీ మోసుకెళ్ళడం ఎందుకూ" అంది అమ్మ. ఆవిడ గొంతు అంత సన్నగా వినడం నాకదే మొదలు.

"ఫరవాలేదమ్మా, బరువేముంది" అని వెళ్ళిపోయాడు.

మొదటి రోజునే ఆ ఆకులు పుచ్చుకుని ఉంటే! ఆయన అప్పటికి గొంతే విన్నాడు, ఊరూ పేరూ అడగలేదు. తాంబూలం చేతులు మారాక నిజం తెలిసినా ఆయన తప్పుకోలేకపోయేవాడు. మూఢనమ్మకం అని మా నాన్న దేన్ని తోసేశాడో అదే కరుణను కాపాడి ఉండేది. వివేకం అని దేన్ని అడిగాడో ఆ కాగితమే కరుణ పేటను అడిగింది. నేను జీవితమంతా హేతువు పక్షాన నిలబడి రాసినదాన్ని. ఇకముందూ అక్కడే నిలబడతాను. కాని ఈ ఒక్క ముడి దగ్గర నా తర్కం ప్రతిసారీ చేతులు కట్టుకుని నిలబడిపోతుంది.

కబురు రాలేదు. ఏ సైకిలు బెల్లు మోగినా కరుణ పాట ఆపేసేది. చివరికి నాన్న చొక్కా తొడుక్కుని తనే బయలుదేరాడు. ఎంతమంది పండితులను వేదికల మీద నోరు మూయించిన మనిషి! ఈ వీర్రాజుగారిని నిలదీసి, కడిగేసి వస్తాడనుకున్నాం. దావీదు మేష్టారు కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళకు నాన్న తిరిగి వచ్చాడు. చేతిలో పొట్లం, అందులో కొత్త బెల్లం. కాళ్ళు కడుక్కుని, మా మొహాలు చూడకుండా కూర్చున్నాడు.

"ఏమన్నారు నాన్నా?" అన్నాను.

"మర్యాద చేశారు." పొట్లం పక్కన పెట్టి, "వాదిద్దామంటే ఎదుటివాడు ఏదో ఒకటి అనాలి కదమ్మా. అంతా మీరన్నదే నిజం మేష్టారూ అంటాడు. నాకేం అభ్యంతరం లేదండి, వీధి ఒప్పుకోవాలి కదా అంటాడు. వీధి అంటే ఎవరండీ అంటే అందరూనండి అంటాడు" అన్నాడు. అప్పుడు అసలు మాట చెప్పాడు. వీర్రాజుగారు ఒక ఉపాయం చెప్పాడట. స్టేజీ వెనక తెర కట్టి, తెర వెనక కరుణకు ఒక మైకు పెడతారు. ముందు మైకు దగ్గర నేను నిలబడి పెదవులు కదపాలి. మైకులో నా పేరే చదువుతారు. గొంతుకేం అంటుందండీ మేష్టారూ, జనానికి కనపడేది మనిషి కదా, అన్నాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరేమన్నారు?" అని అరిచాను.

నాన్న మెల్లగా, సభలో చెప్పే గొంతుతోనే మొదలుపెట్టాడు. "అన్ని సంస్కరణలూ ఒక్క రోజులో రావమ్మా. ముందు గొంతును రానిద్దాం. గొంతు అలవాటయితే వచ్చే ఏడు మనిషిని..."

"మేష్టారూ" అన్నారు దావీదు మేష్టారు. నాన్న ఆగిపోయాడు. "ఇన్నాళ్ళూ ఈ అరుగు మీద మీరు నాకు చెప్పింది ఇది కాదండి." అంతే అన్నారు. గొంతు పెంచలేదు. మా నాన్న ఆ రోజు ఓడిపోయాడు. ఆయన్ని ఓడించిన దావీదు మేష్టారి మొహంలో గెలుపు లేదు.

అందరం కరుణ వైపు చూశాం. నిర్ణయం ఆమెదే అన్నట్టు. ఆ భారం కూడా ఆ పిల్ల మీదే వేశాం చూడండి. కరుణ చింతపిక్క ఒకటి చేతిలో తిప్పుతూ కూర్చుంది. "తెర వెనక పాడితే మా నాన్న ఎవర్ని చూస్తాడు? వసుంధరనా?" అంది నన్ను చూపిస్తూ. నవ్వబోయింది, నవ్వు రాలేదు. "వద్దండి మేష్టారూ. మీరు మాత్రం ఆయన మీద కోపం పెట్టుకోకండి" అంది. ఆషాఢంలో అదొక్కటే మిగిలిన అవకాశం. ఆ పిల్ల దాన్ని తన చేత్తోనే వదిలేసింది. ఎవరైనా ఇంకేం చెయ్యగలరు? ఒప్పుకుంటే తను ఉండదు, ఒప్పుకోకపోతే పాట ఉండదు.

ఆ వీధి సంబరం రోజు కాకినాడ పార్టీ వచ్చింది. రంగు బల్బులు, పెద్ద స్టేజీ, వేయించిన బఠాణీల వాసన. మేం నలుగురం వెళ్ళాం. ఎందుకు వెళ్ళామో ఇప్పటికీ చెప్పలేను. పాడే అమ్మాయి శ్రుతి తప్పుతుంటే సూరిబాబు పళ్ళు కొరికాడు. వీర్రాజుగారు జనంలో మమ్మల్ని చూసి, తనే కుర్చీలు మోయించుకుంటూ వచ్చాడు. "నిలబడ్డారేంటమ్మా, మేష్టారి పిల్లలు! కూర్చోండి, కూర్చోండి" అంటూ మొదటి వరసలో వేయించాడు. కరుణకు కూడా వేయించాడు. ఆ కుర్చీ తన కండువాతో తుడిచి మరీ వేశాడు. కింద కూర్చోవడానికి కరుణకు ఏ అడ్డూ లేదు. అక్కడి నుంచి మూడు మెట్లెక్కితే స్టేజీ. అక్కడుంది అడ్డు. మర్యాదతో కొట్టడమంటే ఏమిటో నాకు ఆ కుర్చీ చెప్పినంత స్పష్టంగా ఏ గ్రంథమూ చెప్పలేదు. కరుణ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని, ఆఖరి పాట దాకా నిలబడే వింది.

శ్రావణం రాకుండానే కరుణ ట్రైనింగుకి వెళ్ళిపోయింది. సామర్లకోట స్టేషనులో రైలెక్కించాం. దావీదు మేష్టారు ఆ తర్వాత కూడా మా అరుగు మీదికి వచ్చేవారు, కాని దేవుడి గురించి వాదించడం మానేశారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వర్షం గురించి మాట్లాడుకునేవారు. ఆయన లేచి వెళ్ళాక లోపలి నుంచి బిందె చప్పుడు వచ్చేది. నాన్న పేపరు పైకెత్తేవాడు. వివేక గానసభ ఒక్కసారి కూడా జనం ముందు పాడలేదు.

ఇప్పుడు అరుగులు లేవు. ఆ ఇల్లు పడగొట్టి మూడంతస్తులు లేపారు. మడి దగ్గులు లేవు. అందరం ఒకే హోటల్లో ఒకే బల్ల మీద తింటున్నాం, అది చిన్న విషయమని నేను అనను. కాని హర్షిత వెళ్ళాక నేను ముగ్గురికి ఫోన్లు చేశాను. ఒకరు కాలేజీ నడుపుతారు. ఒకరు రిసార్టు. మూడో ఆయనకు పెద్ద ఫంక్షన్ హాలు ఉంది, నా వ్యాసాలు చదివి మెచ్చుకుంటూ ఫోన్ చేసే మనిషి. మొదటి ఇద్దరూ "తప్పకుండానండి అమ్మా, చూద్దాం" అన్నారు. మూడో ఆయన వీడియో అంతా చూశాడు. చాలా బాగుందన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఇంటి మనిషితో అన్నట్టు, "ఆ డ్రమ్ములు వాయించే కుర్రాడు ఎవరి తాలూకండి?" అన్నాడు. నేను గట్టిగానే మాట్లాడాను. అంతా విని, "మీరన్నదే నిజమండి అమ్మా" అన్నాడు. ఆ నిమిషంలో నాకు మా నాన్న మొదటిసారి పూర్తిగా అర్థమయ్యాడు. ఇన్నేళ్ళ చదువూ, ఇన్ని సభలూ, ఇన్ని పుస్తకాలూ అయ్యాక నేనూ ఫోను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

కరుణకు ఫోన్ చేశాను. తమిళనాడులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం చేసి రిటైరయి, అక్కడే స్థిరపడింది. సంగతంతా చెప్పాను. "ఇంకా అడుగుతున్నారా!" అంది. "నువ్వు పాడుతున్నావా?" అన్నాను. చర్చిలో ఆదివారాలు పాడుతుందట. "చాలిందా?" అని అడిగాను. అడగకూడదేమో, అడిగాను.

"చాలకపోతే ఏం చేస్తామే" అంది.

ఇది చదివి మీరు నిట్టూర్చి పక్కన పెట్టడానికి నేను రాయలేదు. నాకు జాలి వద్దు, నా వ్యాసం బాగుందన్న మాట అసలే వద్దు. హర్షిత, ప్రశాంత్, తక్కిన ఇద్దరూ చదువైపోగానే తలో ఊరికీ చెదిరిపోతారు. మీకు దగ్గర్లో ఇలాంటి నలుగురు పిల్లలు ఇవాళ ఎవరి ఫోను కోసమో చూస్తూనే ఉంటారు. మీరు వీధి కమిటీలో ఉన్నారు, లేదా కాలేజీ నడుపుతున్నారు, లేదా వచ్చే నెల మీ ఇంట్లో పెళ్ళి ఉంది. కమిటీలో అనుకోకండి. వీధిని అడగకండి. ఇప్పుడే ఫోను తీసి వాళ్ళకు తేదీ చెప్పండి. ఆ రోజు నలుగుర్నీ స్టేజీ ఎక్కించి, నలుగురి పేర్లూ వాళ్ళు చెప్పినవి చెప్పినట్టు మైకులో మీరే చదవండి.